ఐదో షాపు

“ఇది ఒరిజినల్ మంగళగిరేనమ్మా. మగ్గం మీద నేసిందే” అన్నాడు సేల్స్‌మన్ మణికుమార్, చీరను పరుపు మీద విసురుగా పరుస్తూ.

శివపార్వతి అంచును బొటనవేలితో రాసి చూసింది. తర్వాత చీరను వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

“మగ్గం చీరైతే అంచు పక్కన పిన్ను గుర్తులుంటాయి కదా బాబూ. ఇవేవీ?”

మణికుమార్ తల గోక్కున్నాడు. “మీకు బాగా తెలుసే! ఉండండి, లోపల్నించి మంచివి తీయిస్తాను.”

“వద్దులే. ఇప్పటికే గుట్ట పోశావు.”

ముందున్న చీరల్లో రెండింటిని ఆమె మడతపెట్టేసింది. మూడోది అందుకోబోతుంటే అతను కంగారుపడ్డాడు.

“అయ్యో, వదిలేయండమ్మా. మేం సర్దుకుంటాం.”

“పర్లేదు. నీకు మాత్రం నడుం నొప్పెట్టదా?”

లేచి నిలబడి కౌంటర్ వైపు చూసింది. యజమాని ఫోన్లో ఎవరిమీదో కేకలేస్తున్నాడు. ఆమె నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది.

“రేటు గురించైతే సార్‌తో నేను మాట్లాడతానమ్మా” అన్నాడు మణికుమార్ మెల్లగా.

“అదేం కాదులే బాబూ. మళ్లీ వస్తాను.”

మెట్లు దిగుతుంటే మోకాళ్లు కలుక్కుమన్నాయి. వన్ టౌన్ సందులో బట్టల బేళ్లు వేసుకున్న తోపుడుబండి అడ్డం తిరిగి ఆగిపోయింది. వెనక ఆటోలు హారన్లు మోగిస్తున్నాయి. ఆమె గోడకి ఆనుకుని, బండి కదిలేదాకా కళ్లు మూసుకుని నిలబడింది. పొద్దున ఏడింటికి కంకిపాడులో బస్సెక్కింది. ఇది మూడో షాపు. మొదటి షాపులో ఓనరు ఊళ్లో లేడన్నారు. రెండోదాంట్లో ఒకమ్మాయి కుర్చీ లాగి, “కూర్చోండి మేడం” అంటూ మంచినీళ్లిచ్చింది. ఆ మర్యాదకి ఇక నోరు పెగల్లేదు. ఆరు చీరలు చూసి, ఏదో ఒక వంక చెప్పి లేచి వచ్చేసింది.

సంచిలో ఫోన్ మోగింది. కూతురు అక్షయ.

“దొరికిందా అమ్మా?”

“ఎక్కడే! ఇంకా తిరుగుతూనే ఉన్నాను.”

“మరీ అంత ఏరకమ్మా. ఏదో ఒకటి చూసేసుకో.”

“నేనేం ఏరుతున్నానే? కుదరొద్దూ?”

“శ్రావణం వచ్చిందంటే మళ్లీ దొరకదు, నువ్వే కదా అన్నావు. నాన్న మంచం మీంచే నాలుగుసార్లు అడిగారు.”

“ఆయనకి అన్నం పెట్టావా?”

“పెట్టాను. నువ్వు తిన్నావా?”

“ఆఁ, తిన్నాను” అని అబద్ధమాడి ఫోన్ పెట్టేసింది.

ఆటో దిగేసరికి బీసెంట్ రోడ్డు జనంతో నిండిపోయి ఉంది. క్లిప్పులు, నైటీలు, చెప్పులు, ఫోన్ కవర్లు రోడ్డు మధ్యకి వచ్చేశాయి. “ఏదైనా వంద! ఏదైనా వంద!” అని ఒకతను గొంతు చించుకుంటున్నాడు. కాలేజీ అమ్మాయిలు చెవులకి జూకాలు పెట్టుకుని, ఫోన్లో తమని తాము చూసుకుని నవ్వుకుంటున్నారు. ఇలాంటి వీధిలో పని లేకుండా తిరగడం ఒకప్పుడు శివపార్వతికి భలే సరదా. ఇప్పుడు ప్రతి అడుగూ లెక్కపెట్టుకున్నట్టు నడుస్తోంది.

నాలుగోది పెద్ద షోరూమ్. గేటు దగ్గర యూనిఫాం వేసుకున్న మనిషి సలాం కొట్టి అద్దం తలుపు తీశాడు. లోపల చల్లగా ఉంది. కౌంటర్ల వెనక అందరూ ఇరవై ఏళ్ల పిల్లలే. నవ్వుతూ, చీరలు తమ భుజాల మీదే వేసుకుని చూపిస్తున్నారు. ఎదుటి నిలువుటద్దంలో చెమటకి చెదిరిన తన జుట్టూ, నలిగిన కుచ్చిళ్లూ కనిపించాయి. ఎవరూ పలకరించకముందే శివపార్వతి వెనక్కి తిరిగింది.

ఇక చాలు, బస్సెక్కేద్దాం అనుకుంది. కానీ ఇంటికెళ్లి ఏం చెప్పాలి?

పక్క సందులో పాత షాపొకటి కనిపించింది. కౌంటర్లో యజమాని సంజీవరావు కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. పరుపు మీద గుడివాడ నుంచి వచ్చిన తల్లీకూతుళ్లు. వాళ్ల ముందు నలభై చీరల గుట్ట. సేల్స్‌మన్ విసిగిపోయి గోడకి చేరగిలబడ్డాడు.

“ఏదీ నచ్చట్లేదమ్మా. వేరే షాపుకి పోదాం పద” అంటోంది కూతురు.

శివపార్వతి ఒక పక్కగా కూర్చుంది. కాసేపు ఆ పిల్ల ముఖాన్నే చూసింది. ఆపైన గుట్ట అడుగునుంచి ఒక చీర లాగింది.

“ఏమీ అనుకోకమ్మా. నువ్వు ఇందాకట్నించి లేత రంగులే చూస్తున్నావు. చామనచాయకి ఈ నేరేడు రంగు ఎలా ఉంటుందో ఒక్కసారి చూడు” అంటూ రెండు చేతుల్లో కుచ్చిళ్లు పోసి, పైట ఆమె భుజం మీద వేసి, అద్దం వైపు తిప్పింది.

పిల్ల ముఖం వెలిగిపోయింది. “అమ్మా, ఇదే!”

“మీకు కూడా ఒకటి చూడనాండీ?” అని తల్లినడిగింది శివపార్వతి. “ఎండల్లో పట్టు కట్టలేరు. ఈ కాటన్ చూడండి, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది.”

పావుగంటలో తల్లీకూతుళ్లు మూడు చీరలు తీసుకుని, “మీరు దేవుడు పంపినట్టు వచ్చారండీ” అని శివపార్వతి చెయ్యి పట్టుకుని మరీ వెళ్లారు.

సంజీవరావు కౌంటర్ దిగి వచ్చాడు. “రెండు గంటల్నించి మావాడు తెమల్చలేని బేరమమ్మా ఇది! కూర్చోండి, కూర్చోండి. ఒరే, అమ్మగారికి టీ చెప్పు. మీకు మంచి రేటు వేయిస్తాను. పట్టు చూపించమంటారా, కాటనా?”

ఆమె కూర్చోలేదు. పైటకొంగుతో ముఖం తుడుచుకుంది.

“మొహమాటపడకండమ్మా. ఇంతకీ మీకేం కావాలి?”

“ఉద్యోగమండీ.”