కాఫీ పిప్పి

"ఆ పిప్పి పారబొయ్యకమ్మా, నాకియ్యి."

తన కాఫీ కొట్టులో ఫిల్టరు దులపబోతున్న తాయారు ఆగి చూసింది.

పైకి మడిచిన లుంగీ, చొక్కా మీద చేప పొలుసులు. ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కోసే మనిషని వాసనే చెబుతోంది. కాఫీ తాగుతున్నవాళ్ళు అప్పటికే గ్లాసులు పట్టుకుని అటు జరిగారు.

"పిప్పితో ఏటి సేసుకుంటావయ్యా?"

"పనుందమ్మా."

డికాషన్ దిగిపోయిన పిప్పితో ఏం పనో! ఎలాగూ చెత్తబుట్టకి పోయేదే కదా అని పాల కవరులో పోసి ఇచ్చింది.

మర్నాడూ వచ్చాడు. ఆ తర్వాత రోజూ పొద్దెక్కేసరికి రావడమే. పేరు తాతబాబట. అంతకు మించి నోరు విప్పడు.

అతని సంగతి ఆరా తీసే తీరిక తాయారుకి ఎక్కడిది? మొగుడు అర్జునరావు క్యాన్సర్ వార్డులో ఉన్నాడు. మందు ఎక్కించినప్పటినుంచి అన్నం చూస్తేనే కడుపులో తిప్పుతోంది.

"ఒంట్లో సత్తువుంటేనే తర్వాతి మందు. ఎలాగోలా తినిపించండమ్మా" అన్నాడు డాక్టరు.

తాయారేమో పొద్దున్నే క్యారేజీ మంచం పక్కన పెట్టి పరుగెత్తుకొచ్చేస్తుంది. పగలు కొట్టు తెరవకపోతే ఇల్లు గడవదు. మళ్ళీ సాయంత్రమే వెళ్ళడం. చిత్రమేమిటంటే, వెళ్ళేసరికి క్యారేజీ ఖాళీ!

"మజ్జాన్నం తిన్నావా మావా?"

"తిన్నాన్లే" అనేవాడు మగతగా.

ఆయా ఎవరో తినిపిస్తోంది కాబోలు, ఆ తల్లి చల్లగా ఉండాలని తాయారు దణ్ణం పెట్టుకుంది.

ఒకరోజు పూర్ణా మార్కెట్ కిరాణా వ్యాపారి గురునాథరావు కాఫీ తాగుతూ నిప్పు రాజేశాడు.

"ఎర్రి తల్లీ! ఆడు ఆ పిప్పి ఎండబెట్టి కొత్త పొడిలో కలిపి అమ్ముకుంతన్నాడు. రేపు కల్తీ అని జనం నీ పేరే సెప్తారు."

తాయారుకి ఒళ్ళు మండిపోయింది. కల్తీ మాట ఒక్కసారి పుట్టిందంటే ఇక ఆ కొట్టు ముఖం ఎవరూ చూడరు.

తాతబాబు రాగానే అతని కళ్ళెదుటే పిప్పి మొత్తం కాలవలో కుమ్మరించింది.

"దొంగ యాపారానికి నా పిప్పే దొరికిందేటి? మళ్ళీ ఇటేపొచ్చావంటే ఊరుకోను!"

"అయ్యో, యాపారం కాదమ్మా..."

"నడువెహె!"

అతను తన అరచేతులు ఓసారి వాసన చూసుకున్నాడు. తల వంచుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం క్యారేజీ నిండుగా ఉంది.

"ఏటి మావా, తిన్లేదా?" అంది తాయారు గాభరాగా.

"దిగలేదే. తినిపించడానికొచ్చే ఆయన సేతులు రోజూ కాఫీ వాసనొచ్చేవి. నువ్వే పెడతన్నావనుకుని కళ్ళు మూసుకుని తినేసీవోడిని. ఇయాల సేపల వాసనొచ్చీసింది. సబ్బుతో ఎంత రుద్దినా పోలేదంట. 'తప్పయిపోయింది బావా' అని కళ్ళనీళ్ళెట్టుకున్నాడు పాపం."

పొద్దున కాలవలో కుమ్మరించిన పిప్పి గుర్తొచ్చి తాయారు తన అరచేతులు వాసన చూసుకుంది.

మర్నాడు పొద్దెక్కినా తాతబాబు రాలేదు. అన్ని మాటలు పడ్డాక ఎందుకొస్తాడు? తాయారు కొట్టు కట్టేసి, కవరు నిండా పిప్పి తీసుకుని, ఆటో ఎక్కి హార్బర్‌కి పరుగెత్తింది.

చేపలు కోసేవాళ్ళ వరసలో చివర కూర్చుని ఉన్నాడు.

"అన్నా, నాది నోరు కాదు, తాటిమట్ట. తప్పు నాదే. మా ఆయనకి నువ్వే తినిపించాల" అంటూ కవరు అందించింది.

"ఆ బావ మీ ఆయనేటి!"

తాతబాబు గబుక్కున లేచి కుళాయి దగ్గరికి నడిచాడు. పిప్పి తీసుకుని వేళ్ళ సందులు, గోళ్ళ చుట్టూ, మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కున్నాడు.

మధ్యాహ్నం అర్జునరావు కళ్ళు మూసుకుని ముద్ద మీద ముద్ద తిన్నాడు. పెరుగన్నం ఇంకాస్త ఉందా అని అడిగాడు కూడా. గుమ్మంలో నిలబడ్డ తాయారు ఏడుస్తూనే నవ్వేసింది. ఇక తర్వాతి మందుకి భయం లేదు.

క్యారేజీ కడుగుతున్న తాతబాబు పక్కకి వచ్చి అడిగింది.

"ఈ వార్డులో నీవోళ్ళెవరున్నారన్నా?"

"ఇప్పుడెవులూ లేరమ్మా. పోయినేడు ఆ మంచం మీదే మా ఇంటిది గురువమ్మ ఉండీది. నా సేతి సేపల వాసన పడక ఒక్క ముద్దయినా మింగలేకపోయింది."

కడిగిన గిన్నె తుడిచి తాయారు చేతికిచ్చాడు.

"ఈ పిప్పి సంగతి అది పోయాకే తెలిసిందమ్మా నాకు."