చక్రాల ఫ్యాక్టరీ

విదేశీ కంపెనీల కోసం నగరాలు పోటీపడే ఆ రోజుల్లో ఫ్యాక్టరీలను చక్రాల మీదే కట్టేవారు. ఏ నగరం ఎక్కువ రాయితీలిస్తే అక్కడికి దొర్లుకుంటూ పోయేవి. పటాన్‌చెరు శివార్లలోని ఫ్యాన్ల ఫ్యాక్టరీలో పనిచేసే బాలమణి, రోజూ డ్యూటీ ఎక్కేముందు ఆ చక్రాలకేసి చూసేది. తుప్పు కనిపిస్తేనే ఆమెకు ప్రాణం కుదుటపడేది.

ఆయుధపూజ నాడు చక్రాలు నల్లగా నిగనిగలాడుతున్నాయి.

"గిదేందన్నా, గ్రీజు పెట్టిండ్రు?" అని వాచ్‌మన్ పోచయ్యను అడిగింది.

"పండుగ గద చెల్లె, తుడిచినం. గంతే."

లోపల మేనేజరు మిషన్లకు బొట్లు పెట్టించి, లడ్డూలు పంచాడు. "పదేళ్లదాకా ఎక్కడికీ పోం" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరూ అడగకుండానే ఆ మాట ఎందుకన్నాడో బాలమణికి అంతుపట్టలేదు. లడ్డూ కొంగున కట్టుకుని బయటికొచ్చి, వంగి చూసింది.

ప్రతి చక్రం ముందూ ఒక నిమ్మకాయ ఉంది. ఏ పండక్కీ ఇలా పెట్టలేదు. బండి కదిలేముందే కదా నిమ్మకాయ పెట్టేది!

ఆమె మొదటి కాయ తీసేసి, అక్కడ ఒక బండరాయిని దొర్లించింది.

"ఏం జేస్తున్నవే?" పోచయ్య అరిచాడు.

"పండుగ గదన్నా," అంటూ బాలమణి రెండో రాయి కోసం వెతికింది. "నేను గూడ పూజ జేస్తున్న."