పట్టీ ఎర్రబడిన రోజు

ఆ రోజుల్లో కాన్పు గదిలోకి భయపడని మనిషినే తోడు పంపేవారు. మణికట్టుకు కట్టిన, భయాన్ని పసిగట్టే పట్టీ ఆకుపచ్చగా వెలగాలి. ఎర్రబడితే కన్నతల్లినైనా గడప దాటనివ్వరు. తోడున్నవాళ్లు బెదిరితే నొప్పులు పడే పిల్ల ఇంకా బెదురుతుందట.

స్రవంతికి పద్దెనిమిదేళ్లుగా ఆ తోడు ఉండటమే ఉద్యోగం. ఎవరెవరి బిడ్డల నడుములనో నిమిరింది, వేడినీళ్ల కాపడం పెట్టింది, సూదిమందు లేకుండానే వందలమందిని గట్టెక్కించింది. ఆమె పట్టీ ఒక్కనాడూ ఎర్రబడలేదు.

ఇవాళ లోపల ఉన్నది ఆమె కూతురు ఆద్య.

"నీకు ఎరుకలేనిదా అక్కా? నీ భయం బిడ్డకు అంటుకుంటది," అంది నర్సు తలుపుకు అడ్డంగా నిలబడి.

"ఇంకొక్కసారి చూడు చెల్లే. నిమ్మళంగనే ఉన్న."

పట్టీ ఎర్రగానే ఉంది.

ఎవరో కొత్తామె ఆకుపచ్చ పట్టీతో లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది. కాసేపటికి ఆద్య కేక వినిపించింది.

"అమ్మా, నా చెయ్యి ఇడిచిపెట్టకే!"

"ఇడువను బిడ్డా," అంది కొత్తామె నిదానంగా, ఇన్నేళ్లూ స్రవంతి అందరితో అన్నట్టే.

స్రవంతి బెంచీ మీద కూలబడింది. ఆ గదిలో తననూ ఎంతమంది అమ్మా అని పిలిచారో! అప్పుడు ఈ బెంచీ మీద ఎవరు కూర్చున్నారో తను ఒక్కనాడూ తిరిగి చూడలేదు.