నాలుగు వేళ్ల సందు

తమ్ముడు రేసు కారులో కూర్చోగానే హెల్మెట్ పైనున్న పైపుకు తగిలి టంగుమంది.

అక్క గబగబా కారు దగ్గరికొచ్చింది. కారు పల్టీ కొట్టినా పైకప్పు డ్రైవరు మీద పడకుండా లోపల కట్టే ఆ ఇనుప పైపుల గూడు, రోల్ కేజ్, ఆమె గీసిందే. తలకూ పైపుకూ మధ్య నాలుగు వేళ్ల సందు ఉండి తీరాలి.

"నిన్ను ఇదే సీట్లో కూర్చోబెట్టి కొలిచాను కదరా! ఈ వయసులో పొడుగెదిగావా?"

"పోనీలే అక్కా, కాస్త వంగి నడుపుతాను. రేపే రేసు."

"పల్టీ కొట్టేటప్పుడు కూడా వంగే కూర్చుంటావా? దిగు. కోసేసి మళ్లీ వేస్తాను."

అతను రెండు చేతులతో పైపు పట్టుకుని, పళ్లు బిగించి, మెల్లగా దిగాడు. ఆమె సీటు తడిమింది. కవరు కింద మెత్తగా ఏదో తగిలింది. లాగితే చిన్న దిండు.

"ఇదెందుకురా?"

"అది లేకపోతే కూర్చోలేకపోతున్నానక్కా. నడుం దగ్గర మొదలై కాళ్లు మొద్దుబారిపోతున్నాయి."

"ఎప్పట్నించి?"

తమ్ముడు షెడ్డు మూలకు చూశాడు. పోయిన రేసులో పల్టీలు కొట్టిన పాత కారులోంచి తీసిన గూడు అక్కడ నిలబెట్టి ఉంది. ఒక్క పైపూ వంగలేదని, తమ్ముడు నవ్వుతూ బయటికొచ్చాడని, షెడ్డుకు వచ్చినవాళ్లందరికీ ఆమె దాన్ని చూపిస్తూనే ఉంది.

"దానికేమీ కాలేదని నువ్వంత మురిసిపోతుంటే, నాకు అయిందని ఎట్లా చెప్పనక్కా?"