మీసాలొచ్చేదాక

"ఇది వద్దు. రెండేండ్లకే కాళ్లు నేలకు తాకుతయి," అంది సంతోషి, పిల్లలు ఎక్కి వేలాడే చిన్న ఇనుప చట్రాన్ని కాలితో పక్కకు జరుపుతూ.

సాతంరాయిలో హైవే పక్కనున్న ఆ వెల్డింగ్ దుకాణం కుర్మయ్యది. అతను తల గోక్కున్నాడు.

"మరి ఎన్నేండ్లు ఆడాలె అక్కా?"

"మీసాలొచ్చేదాక."

కుర్మయ్య నవ్వాడు. సంతోషి నవ్వలేదు.

"అయితే గిట్ల చేస్త. నిలువు పైపులకు వరుసగా హోల్స్ పెడ్త. పిల్లలు పెరిగినకొద్ది అడ్డపైపును ఒక్కో హోల్ పైకి ఎక్కించి బోల్టు బిగిస్తే అయిపాయె."

బడి ప్యాంటు అంచు లోపలికి మడిచి కుట్టించినట్టే అన్నమాట. సంతోషికి నచ్చింది.

"జారుడుబండ గూడ పెట్టు. వాళ్ల బాపు గేటు కాడికొచ్చి పిలిచినా దిగబుద్ధి కావద్దు."

"అన్న నీతోని ఉంటలేడా అక్కా?"

"వెనక గల్లీల ఉంటడు. ప్రియదర్శినితోని."

ఊరి పక్కన ఎయిర్‌పోర్టు మొదలైన ఏడాది భర్త మహేష్ సంతోషిని వదిలేసి వెళ్లాడు. "ఈ ఇంట్ల ఏముందని ఉండాలె?" అని పదిమంది ముందు అన్నాడు. ఆ మాట ఇన్నేళ్లయినా ముల్లులా సలుపుతూనే ఉంది. ఇల్లు బోసిపోతే ఎలా ఉంటుందో అతడికీ తెలిసిరావాలి. అంతకు మించి ఆమెకేమీ అక్కర్లేదు.

వారంలోపే పెరట్లో, వెనక గల్లీలోకి తెరుచుకునే గేటుకు ఎదురుగా చట్రం లేచింది. బడి వ్యాను దిగగానే పిల్లలిద్దరూ నేరుగా అక్కడికే ఉరికేవారు. సంతోషి వేడివేడి సర్వపిండి పెట్టేది. మోకాళ్లు గీసుకుపోతే పసుపు అద్దేది.

ఒకనాటి సాయంత్రం మహేష్ గేటు దగ్గరికి వచ్చాడు. వెనకే ప్రియదర్శిని.

"ఇంటికి పోదాం దా బిడ్డా," అన్నాడు మహేష్.

"నేను రాను బాపు," అన్నాడు పెద్దవాడు, తలకిందులుగా వేలాడుతూ.

"పిల్లలను అడ్డం పెట్టుకొని పగ తీర్చుకుంటున్నవా సంతోషీ?" అన్నాడు మహేష్.

"నేను పట్టుకుంటలేను. గేటు తెరిచే ఉంది. తోలుకపో."

మహేష్ లోపలికి అడుగు వేశాడు. చిన్నది పరుగున వచ్చి సంతోషి నడుము కరుచుకుంది.

"అమ్మా, ఇయ్యాల గూడ ఈడనే పండుకుంట."

సంతోషి ఆ పిల్ల తల నిమిరింది. ఇన్నేళ్లకు ఆమె కడుపు చల్లబడింది. గేటు అవతల ప్రియదర్శిని కొంగు నోటికడ్డం పెట్టుకొని కూలబడింది.

పిల్లలిద్దరినీ కన్నది ప్రియదర్శినే.