తలుపు చాటు నీళ్ళు

ఉమ్ జియాద్ బుగ్గ లోపల పెట్టిన చిన్న అద్దం అక్కడే అతుక్కుపోయింది, లాగినా రాలేదు.

పళ్ళ డాక్టర్ రుదైనా నీటి చుక్క వేసి మెల్లగా విడదీసింది. ఇంతగా ఎండిన నోరు ఆమె ఎప్పుడూ చూడలేదు. కానీ చేతిలోని ప్రశ్నల కాగితం మరోలా చెబుతోంది. రాత్రి నీళ్ళకు లేస్తారా, రొట్టె మింగడానికి నీళ్ళు కావాలా అంటూ ఇంగ్లీషు నుంచి తను అరబీలోకి తెచ్చిన ప్రశ్నలన్నిటికీ ఒకటే జవాబు: “లేదు.”

“ఖాలా,” పిన్నిని పిలిచినట్టు పిలిచింది రుదైనా. “మీ నోరొకటి చెబుతోంది, మీరొకటి చెబుతున్నారు. నా అరబీ అర్థం కాలేదా? అదే నిజమైతే ఈ ప్రశ్నలన్నీ మళ్ళీ మొదటినుంచి అనువదించాలి.”

“అల్‌హందులిల్లా, బాగానే ఉన్నాను బిడ్డా,” అంటూ ముసలామె పక్కనే ఉన్న కొడుకు జియాద్ వంక చూసింది.

రుదైనా గ్లాసు అందించింది. ఉమ్ జియాద్ చేయి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

“వాడి ముందా? వద్దు.”

“నీళ్ళేగా, విషం కాదు! ఇది రంజాన్ కూడా కాదు.”

జియాద్ తల వంచుకున్నాడు.

“మీ అరబీలో తప్పులేదు డాక్టరమ్మా. పోయిన రంజాన్‌లో మిట్టమధ్యాహ్నం అమ్మ వంటింటి తలుపు చాటున నీళ్ళు తాగుతుంటే చూశాను. ఒంట్లో బాలేదా అని ఒక్క ముక్క అడగలేదు. కోడళ్ళ ముందే ‘ఈ వయసులో సిగ్గులేదా’ అని అరిచాను. అప్పటినుంచి నా ఎదుట గుక్కెడు నీళ్ళు ముట్టలేదు. అమ్మకు చదువు రాదు. మీ ప్రశ్నలు చదివి వినిపించింది నేనే. ప్రతిదానికీ నా మొహం చూసి లేదంది. అబద్ధమని తెలిసీ, నేను అదే రాశాను.”