గడ్డం కింద గంటు

“గడ్డం కింద గంటేది బాబూ?” కూతురి ముఖం బొమ్మను వేళ్లతో తడుముతూ అడిగింది తల్లి.

శిల్పి వంగి చూశాడు. ఆ పిల్ల చనిపోయిన రోజు ముఖం మీంచి తీసిన అచ్చులో, పాలిమర్ కలిపిన జిప్సం పోసి, అద్దంలా నున్నగా తీర్చి మురిసిపోయాడు మరి.

“గాలి బుడగ వల్ల పడిందనుకుని పూడ్చేశానమ్మా.”

“బుడగ కాదయ్యా. ఏడాది పిల్లప్పుడు నా చేతుల్లోంచి జారిపడింది. ‘ఇది నువ్విచ్చిన గుర్తే అమ్మా’ అని ఎప్పుడూ ఆటపట్టించేది. మళ్లీ ఒకటి పోసివ్వవూ?”

“బొమ్మను బయటికి తీసేటప్పుడే అచ్చు చిరిగిపోయిందమ్మా. గంటును దీని మీదే చెక్కొచ్చు. కానీ ఎక్కడో, ఎంత లోతో మీకే తెలుసు.” సన్న ఉలిని ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని బొమ్మ గడ్డం కింద ఆనించి, తలెత్తి శిల్పిని చూసింది.

“మళ్లీ నా చేత్తోనేనా బాబూ?”